పాలకు విరామం రాస్తారు, పెండకు ఎందుకు రాయరు?



పోయినసారి పెట్టిన జీవామృతం వీడియో చూసినవాళ్లలో చాలామంది అడిగింది ఒకటే ప్రశ్న. "అన్నా, ఆవుకు నట్టల సూది వేయించినం. ఆ పెండ డ్రమ్ములో వేయొచ్చా?" వీడియోలో నేను "కొన్నాళ్లు ఆగండి" అని ఒక్క ముక్కలో దాటేశాను. తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. కొన్నాళ్లు అంటే ఎన్నాళ్లు? వారమా, నెలా? నా దగ్గర సరైన జవాబు లేదు. సూది మందు సీసా తీసి చదివాను. దాని మీద కూడా లేదు.

పశువుల మందు కాగితం మీద ఒక సంగతి మాత్రం తప్పకుండా ఉంటుంది. మందు వేశాక పాలు ఎన్ని రోజులు వాడొద్దు, మాంసం ఎన్ని రోజులు వాడొద్దు అని. దాన్ని విరామ కాలం అంటారు. పాలు, మాంసం మనిషి నోట్లోకి పోతాయి కాబట్టి రాశారు. పెండ నేల నోట్లోకి పోతుంది. దానికి విరామం ఎవరూ రాయలేదు. మన సాగంతా నిలబడ్డది ఆ పెండ మీదే. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పెండ వేసి ఎకరానికి పారించేవాళ్లం మనం.

ఈ రోజు నేను చెప్పాలనుకున్నది ఇదే. మందును ఒంట్లోకి ఎలా చేర్చాలి అని పరిశోధన చేసేవాళ్లు, అది ఒంట్లోంచి బయటికి వచ్చాక ఎక్కడికి పోతుందో కూడా మొదటి రోజే లెక్క వేయాలి. ఆ లెక్కలో రైతు కూడా కూర్చోవాలి.

నేను చేసిన రెండు తప్పులు

ముందుగా నా తప్పులు చెప్తాను. ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చిన కొత్తలో నాకు మందు అనే మాటంటేనే పడేది కాదు. బర్రె ఈనింది. దూడకు నట్టల మందు వేయించమని పక్కింటి పెద్దమనిషి చెప్పాడు. వేపాకు రసం చాలులే అన్నాను. మూడో వారానికి దూడ కడుపు ఉబ్బింది, తెల్లగా పారుకుంది, లేవలేకపోయింది. డాక్టర్ వచ్చేసరికి ఆలస్యమైంది. దూడ చచ్చిపోయింది. బర్రె దూడలకు ఏలికపాములు తల్లి పాలలోనే వస్తాయని, పుట్టిన రెండు మూడు వారాల్లోపే మందు పడాలని ఆ రోజు తెలిసింది. ఆ బర్రె రెండు రోజులు అరిచింది. ఆ అరుపు నాకు ఇప్పటికీ గుర్తు.

దాంతో రెండో తప్పు చేశాను. భయపడి మొత్తం మందకు వరసబెట్టి ఐవర్‌మెక్టిన్ సూదులు వేయించాను. ఏ పశువుకు నట్టలు ఉన్నాయో లేవో చూడలేదు. మా ఊరికి వచ్చే సహాయకుడు సూది వేశాడు, డబ్బులు తీసుకున్నాడు, వెళ్లిపోయాడు. పెండ సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. తొలకరి పడ్డాక మామిడి తోటలో తిరుగుతుంటే ఒకటి గమనించాను. మామూలుగా ఆ రోజుల్లో పెండ పడ్డ రెండో రోజుకే పెండపురుగులు దాన్ని చిల్లులు చిల్లులు చేసి మట్టిలోకి లాక్కుపోతాయి. ఆ ఏడు పెండ కుప్పలు కుప్పలుగానే ఎండి, పిడకల్లాగా పైకి లేచొచ్చాయి. కింద మట్టి గట్టిగా ఉంది. నా ఒక్క తోటను చూసి ఇది రుజువు అని చెప్పను. కానీ ఎందుకిలా అయిందని వెతకడం అక్కడే మొదలైంది.

మందు ఒకటే, దారులు వేరు

వెతికితే తెలిసింది ఏమిటంటే, నేను అడిగిన ప్రశ్న పాతదే. 1987లోనే ఇంగ్లాండులో ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి 'నేచర్' పత్రికలో రాశారు. దూడల కడుపులో కూర్చుని నెమ్మదిగా ఐవర్‌మెక్టిన్ వదిలే పరికరం పెట్టారు. మందు వేయని దూడల పెండ నేలలో కలిసిపోయిన కాలానికి, మందు వేసిన దూడల పెండ ఇంకా అట్లాగే ఉంది. దాంట్లో పురుగులు చాలా తక్కువ కనిపించాయి. తర్వాత వేరే దేశాల్లో చేసిన పరీక్షల్లో అన్నిచోట్లా ఒకే ఫలితం రాలేదు. వాతావరణాన్ని బట్టి, పురుగుల రకాన్ని బట్టి తేడాలు వచ్చాయి. కానీ మందు పెండలోకి వస్తుంది, పెండలో బతికే పురుగుల పిల్లలకు అది విషమే అన్నదాంట్లో ఇప్పుడు పెద్దగా వాదన లేదు.

ఇక్కడ మన రైతులు బాగా పట్టుకోవలసిన సంగతి ఒకటుంది. ఇంగ్లీషులో 'డ్రగ్ డెలివరీ' అంటారు. అంటే మందును ఒంట్లోకి చేర్చే పద్ధతి. గోళీనా, సూదా, వీపు మీద పోసేదా, చర్మానికి అంటించే పట్టీనా, ముక్కుతో పీల్చేదా అన్నది. మనకు ఇది కొత్తేమీ కాదు. కాలువతో మడి నింపడం ఒకటి, డ్రిప్పుతో చుక్క చుక్క వదలడం ఒకటి. నీళ్లు అవే, దారి వేరు. దారిని బట్టి ఎంత వేరుకు పోయింది, ఎంత వృథా పోయింది అన్నది మారుతుంది.

ఐవర్‌మెక్టిన్ కూడా అంతే. చర్మం కింద సూది వేస్తే కిలో బరువుకు 200 మైక్రోగ్రాములు. పెండలో రెండు మూడు రోజులకు బాగా పెరిగి, తర్వాత వారాల పాటు కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది. వీపు మీద పోసే రకమైతే కిలోకు 500 మైక్రోగ్రాములు, అంటే రెండున్నర రెట్లు. పశువులు ఒకదాన్నొకటి నాకుతాయి కదా, ఆ పోసినదాంట్లో చాలా భాగం నాలుకతో కడుపులోకి పోయి పెండలోకి వస్తుందని పరీక్షలు చెప్పాయి. ఇంకొకటి బోలస్. పశువు పొట్టలో దింపేస్తే 135 రోజులు రోజుకు 12.7 మిల్లీగ్రాముల చొప్పున వదిలేలా తయారుచేశారు. ఒక్కసారి వేస్తే నాలుగున్నర నెలలు రైతుకు పని లేదు. పరిశోధకుడి కళ్లతో చూస్తే అద్భుతం. పెండపురుగు వైపు నుంచి చూస్తే నాలుగున్నర నెలలు పడ్డ ప్రతి కుప్పా విషమే.

మూడింటిలోనూ మందు ఒక్కటే. పశువుకు జరిగే మేలూ దాదాపు ఒక్కటే. నేలకు జరిగేది మాత్రం వేరు వేరు. దాన్ని తేల్చింది ప్రయోగశాలలో కూర్చుని దారి ఎంచుకున్న మనిషి. అందుకే బాధ్యత అక్కడే మొదలవ్వాలి అంటున్నాను.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఐవర్‌మెక్టిన్ వల్ల జీవామృతంలోని సూక్ష్మజీవులన్నీ చస్తాయని నేను అనడంలేదు. ఆ మందు గురి పురుగుల నరాల మీద, కండరాల మీద. బాక్టీరియాకు గురి యాంటీబయాటిక్. టెట్రాసైక్లిన్ లాంటి మందుల్లో చాలా భాగం మారకుండానే పెండలో, మూత్రంలో బయటికి వస్తుంది. సూక్ష్మజీవులను పెంచడానికి బెల్లం, పప్పుపిండి వేసి, అదే డ్రమ్ములో సూక్ష్మజీవులను చంపే మందున్న మూత్రం పోస్తే మనం చేసే పనికి అర్థమేముంది?

సీసా సైజు రాబందును కాపాడింది

"ఇదంతా జరిగే పనా? కంపెనీలు మన మాట వింటాయా?" అని మీరు అడగొచ్చు. ఒక ఉదాహరణ చెప్తాను. ఇది మన దేశంలోనే జరిగింది.

డైక్లోఫెనాక్ మనందరికీ తెలిసిన నొప్పి మందు. పశువులకు కూడా వేసేవాళ్లు. ఆ మందు వేసిన పశువు చచ్చిపోతే, దాన్ని తిన్న రాబందులకు మూత్రపిండాలు పాడై చచ్చిపోయేవి. ఈ సంగతి 2004లో బయటపడింది. అప్పటికే తెల్లవీపు రాబందులు మన దేశంలో 99 శాతం దాకా తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువులకు డైక్లోఫెనాక్ ఆపేశారు. ఐనా ఆగలేదు. ఎందుకంటే మనుషుల కోసం అమ్మే సీసా 30 మిల్లీలీటర్లది. మనిషికి ఒక సూదికి 3 మిల్లీలీటర్లు చాలు. ఆ పెద్ద సీసా బర్రెకు సరిగ్గా సరిపోతుంది, చవక కూడా. పల్లెల్లో అదే నడిచింది.

2015లో కేంద్రం ఒక చిన్న మార్పు చేసింది. మనుషుల డైక్లోఫెనాక్ సూది మందు 3 మిల్లీలీటర్ల ఒక్క మోతాదు సీసాల్లోనే అమ్మాలని. కోర్టుకు వెళ్లారు. మద్రాసు హైకోర్టు 2017లో ఆ నిర్ణయాన్ని సమర్థించింది. మనుషులకు మందు దూరం కాలేదు. పశువుకు వేయాలంటే పది సీసాలు కొట్టాలి, కాబట్టి ఆ దారి కష్టమైంది. పశువుకు నొప్పి మందు కావాలంటే మెలాక్సికామ్ ఉంది, రాబందుకు హాని లేనిది. 2023లో కీటోప్రోఫెన్, అసిక్లోఫెనాక్ కూడా పశువులకు ఆపేశారు. అసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి పోయాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది.

సీసా ఎంత ఉండాలి అన్నది కూడా మందును చేర్చే పద్ధతిలో భాగమే. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టాయంటే, అలాంటి చోట్ల కళేబరంలో విషం లేకుండా చూడటం కూడా ఒక కారణం అవ్వాలి. రాబందుకు జరిగిన న్యాయం పెండపురుగుకు ఎందుకు జరగొద్దు?

మంజీర ఒడ్డున ఉన్నవాళ్లకు చెప్పాలా?

మందు పశువులోంచి వచ్చేదే కాదు, పుట్టే చోటు నుంచి కూడా వస్తుంది. మాది మంజీర వైపు. నక్కవాగు నీళ్లు ఎట్లా ఉండేవో మా పెద్దలకు తెలుసు, ఎట్లా అయ్యాయో మాకు తెలుసు. 2007లో ప్రచురించిన ఒక పరిశోధనలో పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వదిలిన నీళ్లను పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ఇది శుద్ధి చేశాక వచ్చిన నీళ్ల సంగతి.

రసాయన శాస్త్రంలో రోజర్ షెల్డన్ అనే ఆయన 1992లో ఒక సులువైన లెక్క చెప్పాడు. ఒక కిలో సరుకు తయారుచేస్తే ఎన్ని కిలోల వ్యర్థం మిగులుతుంది అని. పెట్రోలు శుద్ధి చేసే చోట అది కిలోలో పదో వంతు కూడా ఉండదు. మందుల తయారీలో 25 నుంచి 100 కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. దాంట్లో ఎక్కువ భాగం కరిగించడానికి వాడే సాల్వెంట్లు. ఇప్పుడు వస్తున్న నెమ్మదిగా కరిగే సూదుల్లో, సన్నటి గుళికల తయారీలో డైక్లోరోమీథేన్ లాంటి సాల్వెంట్లు మామూలే. చివరి మందులో అది పది లక్షల్లో 600 వంతులు మించొద్దని అంతర్జాతీయ నియమం ఉంది. అది రోగి కోసం, ఉండాల్సిందే. మందులో మిగలకుండా బయటికి తీసిన ఆ సాల్వెంటు ఏ వాగులో, ఏ గాలిలో కలిసింది అన్నది ఎవరు అడగాలి?

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా తెచ్చింది. మందుల కంపెనీల మురుగులో ఏ యాంటీబయాటిక్ ఎంత మించొద్దో రాసింది. 2021లో తుది ప్రకటన వచ్చేసరికి ఆ హద్దులు లేవు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే విషయం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అడ్డం వచ్చేది తెలివి లేకపోవడం కాదని మనకు అర్థమవుతూనే ఉంది.

పేదవాడికి చేరని మందు ఎంత గొప్పదైనా

పర్యావరణం ఒక్కటే చూస్తే సరిపోదు. దూడ చచ్చిన రోజు నాకు తెలిసింది అదే. చవగ్గా, దగ్గరలో, వాడటం సులువుగా ఉండాలి. ఫ్రిజ్ కావాలనే మందు కరెంటు పోయే ఊళ్లో పనిచేయదు.

ఐవర్‌మెక్టిన్ పుట్టుక చూడండి. జపాన్‌లో సతోషి ఒమురా తీసిన మట్టి నమూనాలోని ఒక సూక్ష్మజీవి నుంచి అది వచ్చింది. ఒమురాకు, విలియం క్యాంప్‌బెల్‌కు 2015లో నోబెల్ ఇచ్చారు. 1987 నుంచి ఆ గోళీని ఆఫ్రికా పల్లెలకు ఉచితంగా ఇస్తున్నారు. నల్ల ఈగల వల్ల వచ్చే గుడ్డితనం నుంచి ఎంతోమందిని కాపాడింది. ఏడాదికి ఒకటి రెండుసార్లు నోట్లో వేసుకునే గోళీ కాబట్టి, ఊరి మనుషులే పంచగలిగారు కాబట్టి అది సాధ్యమైంది. మట్టి ఇచ్చిన మందు అది. మట్టికే విషంగా తిరిగి పోతోందంటే తప్పు మందుది కాదు.

ఇంకొకటి. 1971 బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చింది. రక్తనాళంలోకి ఎక్కించే సెలైన్ అయిపోయింది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించాడు. మరణాలు నూటికి 30 నుంచి 4 లోపుకు తగ్గాయి. గ్లూకోజు తోడుంటే పేగు ఉప్పును, నీళ్లను లోపలికి లాక్కుంటుంది. ఇంతకన్నా గొప్ప డ్రగ్ డెలివరీ ఏముంది? సాల్వెంటు లేదు, ప్లాస్టిక్ లేదు, తల్లి చేత్తో కలిపి తాగించొచ్చు. పరిశోధన అంటే ఖరీదైన యంత్రమే అనుకునేవాళ్లకు ఆ డ్రమ్ములు గుర్తుచేయాలి.

మనం అడగవలసింది

కొందరు సోదరులు అంటారు, "మందులే వద్దు, అప్పుడు గొడవే లేదు" అని. ఆ మాట నమ్మి నేను ఒక దూడను పోగొట్టుకున్నాను. కొందరు శాస్త్రవేత్తలు అంటారు, "ముందు జబ్బు తగ్గాలి, పెండ సంగతి తర్వాత" అని. ఆ తర్వాత ఎప్పుడూ రాదు. మందు బజారులోకి వచ్చాక, ఫ్యాక్టరీ కట్టాక, దారి మార్చడం ఎవరికీ ఇష్టం ఉండదు. కొత్త పద్ధతి కాగితం మీద ఉన్నప్పుడే అడగాలి. నా అడుగుడు నాలుగే:

ఒకటి, పాలకు, మాంసానికి రాసినట్టే పెండకు, మూత్రానికి విరామ కాలం తేల్చి సీసా మీద తెలుగులో రాయాలి. యూరప్‌లో ఐవర్‌మెక్టిన్ కాగితాల మీద పెండపురుగుల గురించి హెచ్చరిక ఇప్పటికే ఉంటుంది. అక్కడ రాయగలిగింది ఇక్కడ రాయలేరా?

రెండు, పశువుకు కొత్త సూదో, బోలసో తయారుచేస్తే, రక్తంలో మందు ఎన్ని రోజులుందో చూసినట్టే పెండలో ఎన్ని రోజులుందో, ఆ పెండ మన ఎండలో, మన వానలో ఎప్పుడు మట్టి అయిందో కూడా చూడాలి. ఇంగ్లాండు చలి లెక్క మనకు పనికిరాదు. ఈ మందు ఎండా వేడీ ఉన్నచోట త్వరగా విరుగుతుంది, చలిలో నెలలు ఉంటుంది.

మూడు, పరిశోధనకు డబ్బు ఇచ్చేవాళ్లు ఒక కిలో మందుకు ఎన్ని కిలోల వ్యర్థం, ఎంత సాల్వెంటు, ఎంత నీళ్లు అని మొదటి దరఖాస్తులోనే అడగాలి. ప్రజల పన్నుతో జరిగే పరిశోధనకైనా ఇది తప్పనిసరి కావాలి.

నాలుగు, పశువుల మందు మీద నిర్ణయం జరిగే చోట పశువు పెంచే ఆడమనిషి ఒకరు ఉండాలి. ఇంట్లో దూడకు మందు తాగించేది, పెండ తీసేది వాళ్లే. సీసా ఎంత ఉండాలి, ధర ఎంతైతే కొంటాం అన్నది వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది

సీసా మీద రాసేదాకా ఆగలేం కదా. నేను ఇప్పుడు ఏం చేస్తున్నానో చెప్తాను. మందు వేయించే ముందు పెండ కొద్దిగా డబ్బాలో వేసి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి పరీక్ష చేయిస్తాను. నట్టల గుడ్లు ఉన్న పశువుకే మందు. దూడల విషయంలో మాత్రం ఆలస్యం చేయను, డాక్టర్ చెప్పిన రోజుకు వేయిస్తాను. డాక్టర్‌ను ముందే అడుగుతాను: "సార్, ఈ పెండ పొలానికి పోతది. ఇంకో మందు ఉందా?" బరువు చూసి మోతాదు వేయమంటాను. సూది వేసిన పశువును విడిగా కట్టేసి, నెల రోజులు దాని పెండ, మూత్రం జీవామృతంలో కలపను. వేరే గుంటలో వేసి, ఎండనిచ్చి, బాగా మాగనిస్తాను. నెల అన్నది నేను పెట్టుకున్న హద్దు. ఏ కాగితమూ చెప్పింది కాదు. చెప్పాల్సింది కాగితమే అన్నదే నా గొడవ. ఖాళీ సీసాలు కుంటలో వేయకండి.

మొన్న తొలకరికి తోటలో వంగి ఒక పెండ కుప్పను పుల్లతో తిప్పాను. కింద మూడు చిల్లులు, తాజా మట్టి. ఒక నల్లటి పెండపురుగు వెనక్కి నడుస్తూ తన వాటా లాక్కుపోతోంది. ఆ ముక్క ఈ వారం వీడియోలో పెట్టాను, చూడండి.

మీ పొలంలో కూడా ఒక పని చేయండి. మందు వేసిన పశువు పెండ ఒక చోట, వేయని పశువు పెండ ఒక చోట పెట్టి, పది రోజులకొకసారి ఫోటో తీయండి. తేదీ, మందు పేరు, సూదా గోళీనా, వాన పడిందా లేదా రాయండి. వీడియో కింద పెట్టండి. వంద ఊళ్ల నుంచి వంద ఫోటోలు వస్తే, వాటిని పట్టుకుని పశువైద్య విశ్వవిద్యాలయం గుమ్మం ఎక్కుదాం. పెండ విరామం ఎన్ని రోజులో తేల్చమని అడుగుదాం.